స్ట్రెంగ్త్ 16 అంటే ఎంత బలం? డీ అండ్ డీలో ఆ అంకెను వాడే పద్ధతి

డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ) అంటే పాత్రలు పోషిస్తూ పాచికలతో ఆడే ఆట. పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్‌లో స్ట్రెంగ్త్ (బలం) గడి ఒక్కటే, అందులో అంకెలు మాత్రం రెండు: స్కోరు, పాచిక మీద పడ్డ అంకెకు కలిపే మాడిఫైయర్. కొత్తగా ఆడేవాళ్లు మాడిఫైయర్‌ని పట్టుకుని స్కోరును మర్చిపోతారు. దాంతో స్ట్రెంగ్త్ అంటే కత్తి దెబ్బకు కలుపుకునే నాలుగు పాయింట్లే అయిపోతుంది. ఇక్కడ చెప్పే లెక్కలన్నీ ఐదో ఎడిషన్ 2014 నిబంధనల ప్రకారం.

మాడిఫైయర్ కట్టడం తేలిక. స్కోరులోంచి 10 తీసేయండి, మిగిలినదాన్ని సగం చేయండి, అర వస్తే కిందికి దించండి. 16కి +3, 15కి +2, 8కి -1. పొరపాటు జరిగేది 9 దగ్గర. అక్కడ చాలామంది సున్నా రాసేస్తారు, కానీ -0.5ని కిందికి దించితే -1. మామూలు మనిషి స్కోరు 10 లేదా 11. ఆటగాడి పాత్ర మామూలుగా 20 దాటదు.

27 పాయింట్లతో స్కోర్లు కొనుక్కునే పద్ధతిలో 13కి 5 పాయింట్లు, 14కి 7, 15కి 9 ఖర్చవుతాయి. ఆటలోని జాతి (మనిషి, ఎల్ఫ్ లాంటివి) వల్ల స్ట్రెంగ్త్‌కి +1 వచ్చే పాత్రకైతే 15 కొనండి, అది 16 అవుతుంది. ఏమీ కలవని పాత్రకు 15 దండగ, 14కీ దానికీ మాడిఫైయర్ ఒకటే. అయితే స్ప్లింట్, ప్లేట్ కవచాలు స్కోరు 15 అడుగుతాయి, చెయిన్ మెయిల్ 13 అడుగుతుంది. అది లేకుండా తొడుక్కుంటే వేగం, అంటే ఒక టర్న్‌లో (తన వంతులో) నడిచే దూరం, 10 అడుగులు తగ్గుతుంది. కాబట్టి కవచం ఏదో తేల్చుకున్నాకే పాయింట్లు పెట్టండి.

ఇక స్కోరు చేసే పని. మోయగలిగే బరువు స్కోరుకు 15 రెట్లు, పౌండ్లలో. నెట్టడానికి, ఈడ్చడానికి, పైకెత్తడానికి 30 రెట్లు. కిలోల్లో ఆలోచించేవాళ్లు స్కోరును సుమారు 7తో గుణిస్తే మోత వచ్చేస్తుంది. స్ట్రెంగ్త్ 10 ఉన్నవాడు 150 పౌండ్లు, అంటే 68 కిలోలు మోస్తూ రోజంతా అదే వేగంతో నడుస్తాడన్నమాట. 50 కిలోల సిమెంటు బస్తా ఒక్కసారి భుజాన వేసుకున్నవాడెవడూ దీన్ని నమ్మడు. ఆట ఇక్కడ మరీ ఉదారంగా ఉంది.

ఆ ఉదారం నచ్చకపోతే ఆ నిబంధనల పుస్తకంలోనే ఐచ్ఛిక నిబంధన ఒకటుంది. బరువు స్కోరుకు 5 రెట్లు దాటితే వేగం 10 అడుగులు తగ్గుతుంది. 10 రెట్లు దాటితే 20 అడుగులు తగ్గడమే కాక, స్ట్రెంగ్త్, డెక్స్‌టెరిటీ (చురుకుదనం), కాన్‌స్టిట్యూషన్‌తో (ఒంటి గట్టిదనం) వేసే పాచికలన్నిటికీ డిస్‌అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి తక్కువది తీసుకోవాలి. ఆట నడిపేది మీరైతే దీన్ని మొదటి రోజే చెప్పండి. ఎక్స్‌ప్లోరర్స్ ప్యాక్ (ప్రయాణ సామాన్ల మూట) ఒక్కటే 59 పౌండ్లు. స్కోరు 8 ఉన్న విజర్డ్ (మంత్రగాడు) 40 దాటగానే నెమ్మదిస్తాడు. నాలుగో సెషన్‌లో ఈ సంగతి బయటపడితే గొడవ ఖాయం. బంగారు నాణేలకూ బరువుంది, 50కి ఒక పౌండు.

ఒక ఫైటర్‌ని (యోధుడి పాత్ర) తీసుకుందాం. స్ట్రెంగ్త్ 16, మోత 240, ఈడ్పు 480. ఒంటిమీద చెయిన్ మెయిల్ 55, డాలు 6, లాంగ్‌సోర్డ్ 3, ఐదు జావెలిన్లు 10, ప్యాక్ 59: మొత్తం 133. ప్యాక్‌తో కలిపి 240 పౌండ్లున్న తోటివాడు స్పృహ తప్పి పడ్డాడు. కలిపితే 373. మోత దాటింది, ఈడ్పు దాటలేదు, అంటే టర్న్‌కి 5 అడుగులే. 60 అడుగుల దారికి 12 రౌండ్లు (రౌండ్‌కి ఒక టర్న్). ఇద్దరి ప్యాక్‌లూ వదిలేసినా 255, ఇంకా ఎక్కువే. డాలు, జావెలిన్లు కూడా పడేస్తే 239. ఇప్పుడు భుజాన వేసుకుని మామూలు వేగంతో బయటపడొచ్చు (ఐచ్ఛిక నిబంధన పెట్టుకోకపోతేనే). ఏం వదలాలి, ఏం ఉంచుకోవాలి అన్న ఈ తర్జనభర్జన పాచిక వేస్తే రాదు, బరువులు రాసిపెట్టుకుంటేనే వస్తుంది.

దూకడానికీ పాచిక అక్కర్లేదు. 10 అడుగులు పరుగెత్తి దూకితే స్కోరు ఎంతో అన్ని అడుగులు, నిలబడ్డచోటి నుంచి అందులో సగం. ఎత్తుకు మాత్రం 3 అడుగులకు మాడిఫైయర్ కలపాలి. 15 అడుగుల గొయ్యిని స్ట్రెంగ్త్ 16 వాడు పాచిక ముట్టకుండా దాటేస్తాడు. అక్కడ డీఎం (ఆట నడిపేవాడు) పాచిక వేయించాడంటే ఆటగాడు కొనుక్కున్న బలాన్ని లాగేసుకున్నట్టే. పరుగెత్తిన దూరం, దూకిన దూరం రెండూ ఆ టర్న్‌లో నడవగల దూరంలోంచే పోతాయని కూడా గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కు పాచిక పడేచోటే. 20 ముఖాల పాచిక ఊపు ముందు +5 చిన్నది. స్ట్రెంగ్త్ 20 వాడికీ 8 వాడికీ చేతిపందెం పెట్టి, నైపుణ్యాలేవీ కలపకుండా చెరో పాచిక వేయిస్తే, బక్కవాడు 400లో 91 సార్లు గెలుస్తాడు, అంటే దాదాపు 23 శాతం. మూడింట రెండు గెలవాలంటే అది సుమారు 13 శాతానికి దిగుతుంది. మా సలహా: ఒడుపుకు చోటులేని పందెంలో తేడా ఇంత ఉంటే పాచిక వేయకండి, స్కోర్లు చూసి తేల్చేయండి.

తలుపు బద్దలుకొట్టడంలో తప్పు ఇంకో రకం. డీసీ 15 తలుపును (పాచిక, మాడిఫైయర్ కలిపి కనీసం 15 రావాలి) +5 వాడు 55 శాతం సార్లు పగలగొడతాడు. మాడిఫైయర్ సున్నా ఉన్నవాడికి 30 శాతమే. కానీ అలాంటివాళ్లు నలుగురు వరసగా వేస్తే ఎవరో ఒకరు గెలిచే అవకాశం 76 శాతం. బలవంతుడు చూస్తూ నిలబడాల్సి వస్తుంది. అందరినీ వేయనివ్వకండి. ఒకరే వేయాలి, పక్కవాడు సాయం పడితే అడ్వాంటేజ్, అంటే రెండు పాచికలు వేసి ఎక్కువది తీసుకోవాలి. అప్పుడు +5 వాడి అవకాశం దాదాపు 80 శాతం. గునపం లాంటి క్రోబార్ సందులోకి దూరితే దానికీ అడ్వాంటేజే, కానీ రెండు అడ్వాంటేజ్‌లు కలిసి మూడో పాచిక రాదు. ఓడితే ఏమవుతుందో ముందే చెప్పండి: చప్పుడుకు కాపలావాళ్లు వస్తారా, గడియ వంగి ఇరుక్కుంటుందా? ఏమీ కాకపోతే, తొందరా లేకపోతే తలుపు తెరుచుకుందని చెప్పి ముందుకు సాగండి.

శత్రువును ఒడిసి పట్టుకోవడం సంగతికొస్తే, 2014 నిబంధనల్లో రెండువైపులా పాచిక: పట్టేవాడిది అథ్లెటిక్స్ (బలం మీద నడిచే నైపుణ్యం), తప్పించుకునేవాడిది అథ్లెటిక్స్ లేదా అక్రోబాటిక్స్ (చురుకుదనం మీద నడిచే నైపుణ్యం). 2024 నిబంధనల్లో తప్పించుకునేవాడు ఒక్కడే సేవింగ్ త్రో (ముప్పు తప్పించుకోవడానికి వేసే పాచిక) వేస్తాడు. ఆటకు ముందే ఏది వాడతారో తేల్చుకోండి.

గాంట్లెట్స్ ఆఫ్ ఓగర్ పవర్ (బలాన్నిచ్చే మాయ చేతొడుగులు) దొరికితే ఫైటర్‌కి ఇవ్వాలనిపిస్తుంది. అవి స్కోరుకు కలవవు, స్కోరును 19 చేస్తాయి. 18 ఉన్నవాడికి మాడిఫైయర్ +4 నుంచి +4కే మారుతుంది. చెయిన్ మెయిల్‌లో ఈడ్చుకుంటూ నడిచే స్ట్రెంగ్త్ 8 క్లెరిక్‌కి (పూజారి పాత్ర) ఇవ్వండి: మోత 120 నుంచి 285కి పెరుగుతుంది, పోయిన 10 అడుగుల వేగం తిరిగొస్తుంది. వాటి ధైర్యంతో 200 పౌండ్లు ఎత్తుకున్నాక గాంట్లెట్లు తీస్తే మోత మళ్లీ 120. షీట్‌లో రెండు లెక్కలూ పక్కపక్కనే రాసుకోమనండి.