కథ అయ్యాక నీతి అడగొద్దు

పిల్లలకు కథ చదివి, వెంటనే "దీంట్లో నీతి ఏంటి?" అని అడిగామా, అయిపోయింది. వాళ్లు పరీక్ష రాస్తున్నట్టు "అందరితో మంచిగా ఉండాలి" అనేసి లేచిపోతారు.

జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో రాసిన 'తొత్తోచాన్' మీ దగ్గర ఉంటే (తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది) ఇలా చేసి చూడండి. పోలియో వచ్చిన తన క్లాస్‌మేట్ యసుఆకీని తొత్తోచాన్ అనే చిన్నపిల్ల తన చెట్టు ఎక్కించే అధ్యాయం తీయండి. మొదట మామూలు నిచ్చెన తెస్తుంది. అతని చేతుల్లో, కాళ్లలో బలం లేక మొదటి మెట్టు కూడా ఎక్కలేడు. సరిగ్గా అక్కడ ఆపేయండి. "ఇప్పుడు నువ్వయితే ఏం చేస్తావ్?" అని అడిగి, ఊరుకోండి. మా ఇంట్లో అయితే తాడు, స్టూలు, చివరికి క్రేన్ దాకా వెళ్లింది! "అయ్యో పాపం" అన్న మాటే రాలేదు. తర్వాత మిగతాది చదవండి. ఆ పిల్ల రెండో నిచ్చెన వెతికి తెచ్చి, అతన్ని పైకి లాగడానికి ఎంత కష్టపడుతుందో అప్పుడు వాళ్లు ఊపిరి బిగబట్టి వింటారు.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకు బాగా పనిచేస్తుంది. ఒక రోజుకు ఒక్క అధ్యాయం చాలు. చివర్లో యసుఆకీ చనిపోతాడు, ఆ భాగం మాత్రం మీరు ముందే ఒకసారి చదివి పెట్టుకోండి.