ఆన్ చేయగానే కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందా? ఎక్కడ ఆగుతోందో ముందు చూడండి

స్టార్టప్‌లో హ్యాంగ్ అయిన కంప్యూటర్‌కి చాలామంది నేరుగా విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేస్తారు. లోపం ర్యామ్‌లోనో డిస్క్‌లోనో ఉంటే దానివల్ల ఒరిగేదేమీ ఉండదు, పైగా ఫైళ్లు పోయే ప్రమాదం. పవర్ బటన్ 10 సెకన్లు నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేసి, ఏ దశలో ఆగుతోందో గమనించండి. హార్డ్ డిస్క్ టక్ టక్‌మని చప్పుడు చేస్తుంటే మాత్రం మాటిమాటికీ ఆన్ చేయకండి. ముందు డేటా కాపీ చేసుకునే దారి చూడాలి.

కంపెనీ లోగో దగ్గరే ఆగితే

ఇక్కడికి విండోస్ ఇంకా మొదలే కాలేదు. కీబోర్డ్, మౌస్ తప్ప పెన్‌డ్రైవ్, ప్రింటర్, ఎక్స్‌టర్నల్ డిస్క్ అన్నీ పీకేయండి. మర్చిపోయిన పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవ్వాలని చూస్తూ ఆగిపోవడం మామూలే.

ఫలితం లేకపోతే పవర్ కేబుల్ తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, క్యాబినెట్ తెరవండి. ర్యామ్ తీసి, క్లిప్ టక్‌మని పడేదాకా మళ్లీ నొక్కండి. రెండు స్టిక్‌లుంటే ఒక్కొక్కటే ఒకే స్లాట్‌లో పెట్టి చూడాలి, లేకపోతే తప్పు స్టిక్‌దో స్లాట్‌దో తేలదు. డీడీఆర్5 (కొత్త తరం ర్యామ్) బోర్డులో ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి ఆపేయకండి.

తర్వాత డిస్క్ వంతు. సాటా డిస్క్ (కేబుల్‌తో బోర్డుకి తగిలించేది) అయితే పవర్ ఆపి డేటా కేబుల్ ఊడదీయండి. ఇప్పుడు లోగో దాటి 'బూట్ డివైజ్ లేదు' అని వస్తే దోషం డిస్క్‌దో కేబుల్‌దో. ముందు కేబుల్ మార్చి చూడండి, చవకగా పోతుంది.

పవర్ కేబుల్ పీకిన ప్రతిసారీ తేదీ, టైమ్ వెనక్కి పోతుంటే బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయినట్టే. అది మార్చినప్పుడు బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగులు మొదటికొస్తాయి. అందులో సాటా మోడ్ (బోర్డు డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) ముందు ఏముందో ఫోటో తీసి పెట్టుకోండి. అది మారితే బాగున్న విండోస్ కూడా బూట్ అవ్వదు.

చుక్కలు తిరుగుతూ ఉండిపోతే

అప్‌డేట్ నడుస్తోందేమో! డిస్క్ లైటు మిణుకుమంటుంటే గంటసేపైనా ఓపికపట్టండి. లైటు కదలకపోతే చుక్కలు కనిపించగానే పవర్ బటన్ పట్టి ఆపేయండి. ఇలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది. అందులో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి డ్రైవర్లతోనే తెరుచుకునే విండోస్. బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు, దగ్గర పెట్టుకోండి.

సేఫ్ మోడ్ తెరుచుకుంటే అనుమానం డ్రైవర్ల మీద. డివైజ్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్‌ని రోల్ బ్యాక్ చేయండి (పాత వెర్షన్‌కి తిప్పండి), హ్యాంగ్ మొదలయ్యే ముందు వచ్చిన అప్‌డేట్‌ని తీసేయండి. సేఫ్ మోడ్ కూడా ఆగిపోతే మళ్లీ డిస్క్ వైపే చూడాలి. డిస్క్‌లో తప్పులు వెతికే చెక్‌డిస్క్ నడపొచ్చు గానీ, బ్యాకప్ తీశాకే. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌ని అంతసేపు చదివిస్తే అక్కడే ఆగిపోవచ్చు.

ఇంకో చిత్రం: రీస్టార్ట్ చేస్తే బాగానే వస్తుంది, షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తేనే హ్యాంగ్. ఇది ఫాస్ట్ స్టార్టప్ పని. షట్‌డౌన్‌లో విండోస్ కెర్నల్‌నీ (దాని మూల భాగాన్ని) డ్రైవర్లనీ డిస్క్‌లో దాచి, తర్వాత అక్కడి నుంచే లేపుతుంది. సరిగా లేవని డ్రైవర్ ఒక్కటున్నా చాలు. కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో, పవర్ బటన్ల సెట్టింగుల కింద ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి.

లాగిన్ అయ్యాక ఆగితే

టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్‌లన్నీ డిసేబుల్ చేసి చూడండి. బాగుపడితే సగం ఆన్ చేయండి, మళ్లీ హ్యాంగ్ అయితే దోషి ఆ సగంలోనే. అలా సగం సగం చేసుకుంటూ పోతే త్వరగా దొరుకుతుంది. అన్నీ ఆపినా డిస్క్ వాడకం 100 శాతం దగ్గరే నిలిచిపోతే స్మార్ట్ (S.M.A.R.T., డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క) వివరాలు చూపించే టూల్‌తో చూడండి. పెండింగ్ సెక్టార్లు (డిస్క్ సరిగా చదవలేకపోతున్న చోట్లు) పెరుగుతూ పోతుంటే బ్యాకప్ తీసి డిస్క్ మార్చేయండి.