చెరువు కట్ట మీద కుక్కతో ఒక పూట

తిరుపతిలో కుక్కను పెంచేవాళ్ళకు నడక అనగానే కొండ గుర్తొస్తుంది. అటు వద్దు. తలకోన ఉన్న అడవి 1989లో ప్రకటించిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులోది, అక్కడికి పెంపుడు కుక్కను తీసుకుపోకూడదు. తిరుమలకూ అంతే. నియమం సంగతి అటుంచినా, చిరుతకు కుక్క ఇష్టమైన వేట. కల్యాణి డ్యాం చుట్టూ అడవి అంచునూ ఇదే లెక్కలో వేసుకోండి. కుక్కతో పోవాల్సింది చెరువు కట్టకు. చదునుగా ఉంటుంది, దూరం దాకా కనిపిస్తుంది, ఎక్కడంటే అక్కడ వెనక్కి తిరగొచ్చు. రామచంద్రాపురం మండలంలోని రాయలచెరువు ఇందుకు బాగుంటుంది. మీకు దగ్గర్లో ఇంకో పెద్ద చెరువున్నా ఇక్కడ చెప్పేదంతా దానికీ సరిపోతుంది.

మనకు చెరువులు నిండేది ఈశాన్య రుతుపవనాల వానలకు. అవి తెరిపిచ్చాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. ముసురు పట్టినప్పుడు, మొరవ (చెరువు నిండాక మిగులు నీళ్ళు బయటికి పోయే దారి) జోరుగా పోతున్నప్పుడు కట్ట ఎక్కొద్దు. 2021 నవంబరు వానల్లో రాయలచెరువు కట్టకు లీకేజీ పడి కింది ఊళ్ళను ఖాళీ చేయించారు. ఏప్రిల్, మే నెలల్లో ఈ నడక పూర్తిగా మానేయండి.

అన్నిటికన్నా ముఖ్యం టైము. కుక్క అలసిపోయానని చెప్పదు. మీరు నడిచినంతసేపూ వెనకే వచ్చి, ఒక్కసారిగా కూలబడుతుంది. అందుకే ఎంత దూరమో కాదు, ఎన్నింటికి వెనక్కి తిరగాలో ఇంట్లోనే తేల్చుకోవాలి. బాగా తెల్లారాక ఆరున్నరకు మొదలుపెట్టి, ఏడుంబావుకు ఎక్కడున్నా తిరగండి. ఎనిమిదిన్నర లోపు బండి దగ్గరుండాలి. మధ్యలో ఆగుతూ పోయినా పోనురాను నాలుగైదు కిలోమీటర్లు వస్తుంది, మామూలు ఆరోగ్యమున్న పెద్ద కుక్కకు అది చాలు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకు రెండు కిలోమీటర్లు మించొద్దు, వాటికి రొప్పి ఒళ్ళు చల్లబరచుకోవడం సరిగా కుదరదు. టీకాలు పూర్తికాని పిల్లల్ని అసలు తేవొద్దు. రేబిస్ టీకాతో పాటు లెప్టోస్పైరోసిస్ టీకా కూడా పడిందో లేదో కార్డు తీసి చూసుకోండి. చెరువు గట్టున పశువులు, ఎలుకల మూత్రం కలిసిన బురదలోంచి వచ్చే జబ్బు అది.

బయలుదేరడానికి రెండు గంటల ముందే తిండి ఆపేయండి. కడుపు నిండా తిని పరుగెత్తితే పెద్ద జాతి కుక్కలకు కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. ఇరవై కిలోల కుక్కకు రెండు లీటర్ల నీళ్ళు, ఒక స్టీలు గిన్నె, ట్వీజర్లు, ఒక గుడ్డ, కొంచెం పెరుగన్నం చాలు. పావుగంటకోసారి ఆపి అర గ్లాసు నీళ్ళు పెట్టండి, ఒకేసారి గిన్నెడు తాగనివ్వొద్దు. బ్యాగులో స్వామివారి ప్రసాదం ఉంటే మాత్రం కుక్కకు అందకుండా చూడండి. లడ్డూలోని ఎండుద్రాక్ష కుక్కల కిడ్నీలను దెబ్బతీస్తుంది, ఎంత తింటే ప్రమాదమో ముందే చెప్పలేం. ప్రేమతో ఒక ముక్క పెట్టేవాళ్ళు చాలామంది, దయచేసి పెట్టకండి.

మెడపట్టీ కన్నా ఛాతీకి వేసే హార్నెస్ మేలు. తాడు రెండు మీటర్లలోపు ఉండాలి. సాగుతూ పోయే రకం తాడు కంపచెట్లకు చుట్టుకుంటుంది. కట్ట మీద బండ్లు తిరిగే చోట కుక్కను నీళ్ళవైపు నడిపించండి. నీళ్ళవైపు రాతికట్టు దిగనివ్వొద్దు, రాళ్ళ సందుల్లో కాలు ఇరుక్కుని విరుగుతుంది. తూము దగ్గర తాడు ఇంకా కురచ చేయండి, అక్కడ నీటి లాగుడు పైకి కనిపించదు. చేపలు పట్టేవాళ్ళు కూర్చునే చోట తెగిపోయిన గాలాలు, ఎరతో సహా పడి ఉంటాయి. వాసనకు కుక్క వాటిని మింగేస్తుంది. నీళ్ళు వెనక్కి పోయిన చోట పైన ఎండి పగుళ్ళిచ్చినా కింద అడుసే, మోకాలి దాకా దిగబడతారు. నీటి మీద ఆకుపచ్చ తెట్టు కనిపిస్తే తాకను కూడా తాకనివ్వొద్దు. కొన్ని రకాల తెట్టు గంటల్లో ప్రాణం తీస్తుంది.

ఊరి కుక్కలు ఎదురొస్తే పరుగెత్తకండి, మీ కుక్కను ఎత్తుకోకండి. మీ కుక్కకు వాటికి మధ్య మీరు నిలబడి, రాయి తీస్తున్నట్టు వంగితే చాలావరకు వెనక్కి తగ్గుతాయి. విసరాల్సిన పని లేదు. గొర్రెల మంద వస్తే పక్కకు తప్పుకుని, కాపరి పిలిచేదాకా ఆగండి. ఈనడానికి దగ్గరపడిన గొర్రె ఒక్కటి బెదిరినా వాళ్ళకు నష్టమే.

ఎండదెబ్బ గుర్తులు నోట్లో కనిపిస్తాయి. నాలుక కొస గరిటెలా వెడల్పై, చొంగ జిగటగా సాగి, చిగుళ్ళు ఇటుక రంగుకు తిరిగితే అక్కడే ఆగిపోండి. నీడకు చేర్చి, ఉన్న నీళ్ళన్నీ పొట్ట, చంకలు, తొడల మీద పోస్తూ గుడ్డతో విసరండి. తడి గుడ్డ కప్పి ఉంచొద్దు, వేడి లోపలే ఉండిపోతుంది. ముందు చల్లబరచడం, ఆ తర్వాతే ఆసుపత్రి. తారు మీద అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి, ఆనించలేకపోతే కుక్క పాదాలూ కాలతాయి.

పాము కాటుకు కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం ఏదీ చేయొద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని బండికి చేర్చి, తిరుపతి పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ మీ డాక్టరు దగ్గరికి గానీ తీసుకుపోండి. ఫోను నంబరు ముందే సేవ్ చేసుకోండి.

ఇంటికొచ్చాక పది నిమిషాలు కుక్కకే ఇవ్వండి. ఒక్కో పాదం పట్టుకుని వేళ్ళు విడదీసి చూడండి. పల్లేరు ముల్లు వేళ్ళ సందులో దూరితే పైకి చిన్న నల్ల చుక్కలా కనిపిస్తుంది, రెండు రోజులకు చీము పడుతుంది. చెవుల లోపల, మెడ కింద, తోక మొదట్లో గోమార్ల (రక్తం పీల్చే టిక్స్) కోసం వెతకండి. దొరికితే ట్వీజర్లతో చర్మానికి ఆనించి పట్టి, మెలి తిప్పకుండా నిదానంగా నేరుగా లాగండి. కిరసనాయిలు పోస్తే అవి కక్కి, రోగం ఒంట్లోకి పోతుంది. మూడు వారాల దాకా తిండి తగ్గినా, జ్వరం వచ్చినా, ముక్కు నుంచి రక్తం కారినా టిక్ ఫీవర్ పరీక్ష చేయించండి. చెరువుకు పోయిన తేదీ డాక్టరుకు చెప్పండి.