పాత పికప్ క్యాబిన్‌లో నీటి కారుడు – నాలుగో పాఠం: డోర్లు, వైపర్ కింది గది, నీరు బయటికి పోయే రంధ్రాలు

ఈ పాఠంలో ముందరి అద్దం చుట్టూ ఉండే రబ్బరు పట్టీని, అంటే బీడింగును, విప్పి మళ్ళీ బిగించే పద్ధతి చెప్పాలని అనుకున్నాను. దాన్ని ఐదో పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి పైపుతో నీళ్ళు పోసి పరీక్షించిన వారిలో కొందరు చేసిన ఒక మరమ్మతును ముందు సరిదిద్దవలసి వచ్చింది.

సింగరాయకొండ వైపు నుంచి ఒక పాఠకుడు తన పికప్‌ను కావలికి తెచ్చి నాకు చూపించారు. ఎడమ డోరు తీయగానే నిండు బిందెను కదిపినట్టు లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించింది. డోరు అడుగున పరిశీలిస్తే, అంచు పొడవునా ఉన్న మూడు రంధ్రాలనూ సిలికాన్‌తో శ్రద్ధగా మూసి ఉన్నారు. కింద ప్లాస్టిక్ తొట్టి పెట్టి, బ్లేడుతో మొదటి రంధ్రం తెరిచాను. ముదురు టీ రంగు నీరు ధారగా కారి తొట్టి సగానికి పైగా నిండింది. చివర్లో వేప ఈనెలు, మెత్తటి ఒండ్రు, తుప్పు పొలుసులు వచ్చాయి. ఆయన బండి డ్యాష్‌బోర్డు కింద తడి తగ్గలేదు సరికదా, అంతవరకు పొడిగా ఉన్న డోర్ ప్యాడ్ (డోరు లోపలివైపు కప్పే అట్ట) కూడా నాని ఉబ్బిపోయింది.

ఆయన తర్కం అర్థం చేసుకోదగినదే. పైపుతో నీళ్ళు పోస్తున్నప్పుడు డోరు అడుగు నుంచి నీరు కారుతూ కనిపించింది, కారుతున్న చోటు మూయాలని నేనే రాశాను, ఆయన మూశారు. మరో ఇద్దరు కూడా ఇదే పని చేసినట్టు తెలిపారు. డోరు అడుగున ఉన్న రంధ్రాలు నీరు పోవడానికే పెట్టినవని అందరికీ తెలుసుననుకొని నేను ఆ మాట రాయలేదు. ఆ లోటు నాది. అందుకే ఈ పాఠమంతా నీరు పోయే దారుల గురించే.

డోరు లోపల వాన నీరు ఉండటం లోపం కాదు. అద్దం కిందికి దిగే సందు దగ్గర బయటివైపు ఒక రబ్బరు పట్టీ ఉంటుంది. అది అద్దం మీది నీటిని చాలావరకు తుడుస్తుంది గానీ పూర్తిగా ఆపలేదు, ఆపాలని దాన్ని పెట్టనూ లేదు. ఆ పట్టీ దాటిన నీరు డోరు లోపలికి దిగి, బయటి రేకు లోపలి ముఖం వెంట జారి, అడుగున ఉన్న రంధ్రాల గుండా నేల మీదికి పోవాలి. అంటే వాన కురుస్తున్నంతసేపు డోరు అడుగు నుంచి నీరు కారుతుంటే ఆ డోరు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. పెద్ద వానలో కూడా అక్కడ చుక్క కారకపోతే అప్పుడు అనుమానించాలి.

ఆ నీరు క్యాబిన్‌లోకి రాకుండా ఆపేది డోర్ ప్యాడ్ కాదు. ప్యాడ్ వెనుక, ఇనుప చట్రానికి అతికించి ఉండే పాలిథిన్ షీటే ఆ పని చేస్తుంది. డోరు అద్దాన్ని ఎత్తి దించే మెషీను బాగు చేసిన వారో, స్పీకర్లు బిగించిన వారో దాన్ని చింపి పారేస్తారు. పాత బండ్లలో ఆ షీటు నిండుగా ఉండటం అరుదు. షీటు లేకపోతే అద్దం మీద నుంచి దిగిన నీరు మెషీను కడ్డీల మీద చింది, ప్యాడ్ వెనుకకు చేరి, క్లిప్పుల పక్క నుంచి జారి, మ్యాటు కిందికి పోతుంది. మ్యాటు కింద ఉండే గోనెలాంటి పొర దాన్ని పీల్చుకుంటుంది. పైన చెయ్యి పెడితే పొడిగా ఉంటుంది, కింద నేల రేకు వారాల తరబడి తడిలోనే ఉంటుంది. నేల రేకు చిల్లులు పడిన బండ్లలో నేను ఎక్కువసార్లు చూసిన కారణం ఇదే. అద్దం బీడింగుకు రెండో స్థానం.

కొత్త షీటు వేయడానికి దుకాణంలో కిలోల లెక్కన అమ్మే మందపాటి పారదర్శక పాలిథిన్ చాలు. డోరు చట్రం మీద పరిచి, స్కెచ్ పెన్నుతో గీసి, అంచుల్లో రెండు అంగుళాలు ఎక్కువ వదిలి కత్తిరించండి. అతికించడానికి జిగట రబ్బరులా ఉండి గట్టిపడని బ్యూటైల్ పట్టీ వాడండి. రేపు మెషీను పాడైతే షీటును చింపకుండా ఊడదీసి మళ్ళీ అంటించుకోవచ్చు. ఎండకు గట్టిపడి ఊడిపోయే జిగురు వద్దు. ఇక ఇందులో ఒకే ఒక్క కీలకం ఉంది: షీటు కింది అంచు చట్రం మీద అంటుకొని ఆగకూడదు. చట్రంలోని కింది సందు గుండా ఆ అంచును డోరు లోపలికి తోయాలి. ఇంటి పైకప్పు పెంకు అంచు గోడ దాటి బయటికి ఉన్నట్టే, షీటు మీద జారిన నీరు తిరిగి డోరు లోపలే పడాలి. అంచు బయట ఉంటే, ఎంత మంచి షీటు వేసినా అదే నీటిని సరాసరి మీ మ్యాటు మీదికి చేరవేస్తుంది.

రంధ్రాలు శుభ్రం చేయడానికి స్క్రూ డ్రైవరు వాడవద్దు. రంధ్రం అంచున రంగు గీసుకుపోయి అక్కడి నుంచే తుప్పు మొదలవుతుంది. చీపురు పుల్ల మంచిది. నేను మాత్రం వల కట్టే మందపాటి నైలాన్ తాడు జానెడు ముక్క తీసుకొని, చివర కాల్చి గుండ్రంగా చేసి వాడుతాను. అది వంగుతుంది, విరగదు, రంగును గీయదు. తీర గ్రామాల్లో ఇలాంటి ముక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. రొయ్యల ఐసు పెట్టెలు మోసే బండ్ల వారు ఈ పని ఏడాదికి ఒకసారి చేస్తే చాలదు. కరిగిన ఐసు నీరు ఉప్పును మోసుకొచ్చి క్యాబిన్ వెనుక గోడ అడుగున, డోరు వెనుక మూలలో నిలుస్తుంది. ట్రిప్పు దింపిన రోజే మంచినీటితో కడిగి, రంధ్రాల్లో తాడు ఆడించండి. తుప్పు పట్టకుండా వాడేసిన ఇంజన్ ఆయిల్ డోరు లోపల పోసే అలవాటు కొందరికి ఉంది. ఆ ఆయిల్ రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది కాబట్టి నేను ఒప్పుకోను. మైనం జాతి తుప్పు నివారిణి స్ప్రే చేయండి, తర్వాత రంధ్రం మళ్ళీ తెరుచుకొని ఉందో లేదో చూడండి.

వరద నీటిలో మునిగిన బండి కొన్నవారికి ఒక మాట. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు ప్రాంతంలో జాతీయ రహదారి కోతకు గురైన రోజుల్లో నీటిలో నిలిచిన ఒక పికప్‌ను తర్వాత నేను విప్పాను. పైకి నిగనిగలాడేలా కడిగి రంగు వేశారు గానీ, డోర్ల అడుగున, గడప రేకుల (డోరు కింద క్యాబిన్ అంచు రేకుల) లోపల ఎండిన ఒండ్రు ఇటుకలా గట్టిపడి ఉంది. రంధ్రాన్ని పొడిస్తే తాడు అంగుళం కూడా లోపలికి పోలేదు. అలాంటి చోట ప్యాడ్ విప్పి పై నుంచి నెమ్మదిగా నీళ్ళు పోస్తూ, గంటసేపు నానబెట్టి, కింది నుంచి కొంచెం కొంచెంగా తోడాలి. ఎండిన మట్టిని గాలి గన్నుతో కొడితే అది మరో మూలకు పోయి కూర్చుంటుంది.

ఇప్పుడు వైపర్ కింది గది. బానెట్ వెనుక, అద్దం అడుగున జాలీ ఉంటుంది. అద్దం మీది నీరంతా ఆ జాలీ గుండా దాని కింది రేకు గదిలోకి దిగి, రెండు పక్కలా ముందు మడ్‌గార్డుల వెనుక నుంచి నేలకు పోతుంది. క్యాబిన్‌లోకి గాలి కొట్టే ఫ్యాను, అంటే బ్లోయరు, గాలి పీల్చుకొనేది కూడా ఆ గది నుంచే. చెట్టు కింద నిలిపే బండ్లలో ఆకులు ఆ పక్క దారులను మూస్తాయి. వేపాకు పెద్దది కాబట్టి కొంత జాలీ మీదే ఆగుతుంది. చింతాకు అలా కాదు, జాలీ దాటి లోపల ముద్దగా పేరుకుంటుంది. గదిలో నీటిమట్టం పెరిగి బ్లోయరు రంధ్రం అంచును దాటగానే, ఎడమవైపు కూర్చున్న వారి పాదాల మీద నీరు పడుతుంది. దీని గుర్తు తేలిక: వాన పడుతున్నప్పుడు ఏమీ ఉండదు, వాన వెలిసి బండి బయలుదేరి మొదటి మలుపు తిప్పగానే ఒక్కసారిగా గుమ్మరిస్తుంది. ఇలాంటి బండికి అద్దం బీడింగు మార్పించి డబ్బు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు.

పరీక్షకు ఒక బకెట్ నీళ్ళు చాలు. జాలీ ఎడమ చివర నెమ్మదిగా పోస్తూ మడ్‌గార్డు వెనుక చూడండి. పోసిన వేగంతోనే నీరు కింద పడాలి. కుడివైపు మళ్ళీ అలాగే. ఒకవైపు ఆగి ఆగి పడితే జాలీ విప్పి చేత్తో ఆకులు తీయండి. నీటి గన్నుతో లోపలికి కొట్టవద్దు. ముద్ద మరింత కిందికి దిగి, చెయ్యి అందని చోట బిగుసుకుంటుంది.

వైర్లు ఇంజన్ గది నుంచి క్యాబిన్‌లోకి వచ్చే చోట ఉన్న రబ్బరు గ్రామెట్లను (రంధ్రం అంచుకు తొడిగే రబ్బరు బిళ్ళలను) కూడా అప్పుడే చూసేయండి. కొత్తగా హారనో లైటో బిగించిన వారు వైరును గ్రామెట్ అంచు నుంచి దూర్చి ఉంటారు. వైరు గ్రామెట్‌కు ముందు ఒకసారి కిందికి వేలాడి మళ్ళీ పైకి రావాలి. అప్పుడు దాని వెంట జారిన చుక్క ఆ వంపులోనే రాలిపోతుంది.

ఇక నన్ను నిజంగా బాధపెడుతున్న విషయం సిలికాన్. మూడు పాఠాల్లోనూ చెప్పాను, అయినా ఈసారి చూసిన ప్రతి బండిలోనూ అది కనిపించింది, కాబట్టి వివరంగా రాస్తున్నాను. బాత్‌రూములకు, అక్వేరియంలకు వాడే మామూలు సిలికాన్ వెనిగరు వాసన వేస్తుంది. గట్టిపడేటప్పుడు అది విడుదల చేసే ఎసిటిక్ ఆమ్లమే ఆ వాసన. రంగు గీసుకుపోయిన ఇనుప రేకు మీద దాన్ని పెడితే, పైన ముద్ద మెరుస్తూ ఉండగా కింద రేకు తుప్పు పడుతుంది. తుప్పు మీద దానికి పట్టు ఉండదు కాబట్టి అంచు లేస్తుంది. ఆ లేచిన అంచు కిందికి నీరు ఎక్కి నిలుస్తుంది, ఎండకు కూడా ఆరదు. అంతకుముందు బయటపడి కనిపించే కారుడు ఇప్పుడు కనిపించని కారుడు అవుతుంది. అదీగాక దాని మీద పెయింటు నిలవదు. తర్వాత తీసివేసినా దాని జిడ్డు రేకు మీద మిగిలి, కొత్త రంగు చేప కళ్ళలా గుంటలు గుంటలుగా విడిపోతుంది. ఎండిన సిలికాన్ పెట్రోలుకూ థిన్నరుకూ కరగదు, ఉబ్బుతుంది అంతే. బ్లేడుతో ఓపికగా గీకడం తప్ప దారి లేదు. వాసన లేని తటస్థ సిలికాన్ ఇనుమును అంతగా తినదు, కానీ పెయింటు విషయంలో రెండింటికీ తేడా లేదు. రేకు అతుకులకు, కప్పు అంచున ఉన్న నీటి గాడికి పాలియురేథేన్ సీలెంట్ వాడండి. దాని మీద రంగు వేయవచ్చు. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, రోజుకు సుమారు 3 మిల్లీమీటర్ల లోతు మాత్రమే, కనుక మందంగా పెట్టి మర్నాడే నీళ్ళు కొట్టవద్దు. రబ్బరు బీడింగు కిందికైతే గట్టిపడని బ్యూటైల్. ఏది పెట్టినా ముందు తుప్పు గీకి, మెరిసే రేకు కనిపించాక ప్రైమరు వేసి, ఆ తర్వాతే. తుప్పు మీద పెట్టిన సీలెంట్ తుప్పుతో పాటే ఊడుతుంది.

పైపు పరీక్షకు సర్వీసింగ్ గన్ను వాడవచ్చా, పైపుకు కారని బండిని ఎలా పరీక్షించాలి అని వచ్చిన మిగిలిన రెండు ప్రశ్నలకు క్లుప్తంగా జవాబు. వాటర్ సర్వీసింగ్ గన్నుతో పరీక్షించవద్దు. ఆ ఒత్తిడికి మంచి రబ్బరు కూడా దారి ఇస్తుంది. మామూలు తోట పైపుతో, కింది నుంచి పైకి, ఒక్కో చోట పది నిమిషాలు ఆగుతూ పోయాలి. పై నుంచి మొదలుపెడితే అన్ని సందులూ ఒకేసారి తడిసి ఏ సందు కారిందో తేలదు. పైపుకు కారకుండా దారిలోనే కారుతున్న బండికైతే, అద్దాలన్నీ ఎత్తి, బ్లోయరును బయటి గాలి మీద పూర్తి వేగంలో పెట్టి, బయట అతుకుల మీద సబ్బు నురగ కుంచెతో రాయండి. బుడగ లేచిన చోటే గాలి వేగంలో నీరు దూరే చోటు.

అభ్యాసం: నెల్లూరు ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వస్తాయి కాబట్టి, సెప్టెంబరు చివరికి ఇది పూర్తి చేయండి. సీట్లు, మ్యాట్లు, కింది గోనె పొర తీసి క్యాబిన్‌ను రెండు రోజులు ఎండబెట్టండి. నేల రేకంతా ముఖానికి రాసుకొనే పౌడరు పలుచగా చల్లండి. రెండు డోర్లు, వైపర్ గది రెండు చివరలు, ముందు అద్దం, వెనుక అద్దం, కప్పు గాడి రెండు పక్కలు – ఈ ఎనిమిది చోట్లా కింది నుంచి పైకి విడివిడిగా పది నిమిషాలు నీరు పోసి, ఒక్కోసారి పౌడరులో పడిన చార ఎక్కడ మొదలై ఎటు పోయిందో నోటుబుక్కులో క్యాబిన్ బొమ్మ వేసి గుర్తించండి. ప్రతి చోటుకూ మధ్య నేల తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ పౌడరు చల్లాలి. లోపల టార్చితో మరొకరు ఉండాలి. దీనికి ఒక పూర్తి రోజు పడుతుంది. రెండు చోట్లు చేసి మిగిలినవి వదిలేసిన నోటుబుక్కు ఐదో పాఠానికి పనికిరాదు. ఆ పాఠానికి అద్దం చుట్టుకొలత కన్నా మీటరు ఎక్కువ పొడవున్న, చిటికెన వేలిలో సగం మందం గల నున్నని నైలాన్ తాడు, ఒక గిన్నెడు సబ్బు నీళ్ళు, సాయానికి ఇద్దరు మనుషులు సిద్ధం చేసుకోండి.