దేశం మారినప్పుడు నా థైరాయిడ్ మాత్రలు ఆగకుండా ఎలా చూసుకున్నానంటే

నేను రోజూ పరగడుపున లెవోథైరాక్సిన్ వేసుకుంటాను. వచ్చేటప్పుడు 3 నెలలకు సరిపడా తెచ్చుకున్నా గానీ, అవి అయిపోవస్తుంటే చాలా టెన్షన్ పడ్డాను, ఎందుకంటే ఇక్కడి మందుల షాపులో నా బ్రాండ్ పేరే ఎవరికీ తెలియదు, పైగా చివరి స్ట్రిప్ వెనక రేకు చిరిగిపోయి 50 అన్న అంకె ఒక్కటే మిగిలింది. పాత డాక్టరు గారికి ఫోన్ చేస్తే బ్రాండ్ పేరు కాకుండా మందు అసలు పేరు, మైక్రోగ్రాముల్లో డోసు, ఎందుకు వాడుతున్నానో లెటర్‌హెడ్ మీద రాసి పంపారు. అది చూసి ఇక్కడి డాక్టరు కొత్త చీటీ రాశారు. మాత్రల కంపెనీ మారింది కాబట్టి 6 వారాలకు టీఎస్‌హెచ్ పరీక్ష (థైరాయిడ్ డోసు సరిపోతోందో లేదో చూసే రక్తపరీక్ష) కూడా చేయించారు, ఇది మాత్రం వదలొద్దు. అలాంటి ఉత్తరం మీరు బయల్దేరకముందే మీ డాక్టరు దగ్గర తీసుకోండి. నిద్రమాత్రలు, మార్ఫిన్ లాంటి నొప్పి మందులు వాడేవాళ్లయితే వెళ్లబోయే దేశం ఎంబసీని ముందే అడగాలి, కొన్నిచోట్ల అనుమతి లేకుండా తీసుకెళ్లడం నేరం.