ఎపాక్సీలో గ్రాఫీన్ కలిపి తేడా చూడటం ఎలా?

గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర) ఉక్కు కన్నా గట్టిదట అని ఎక్కడో చదివి మా జూనియర్ ఒకడు, నెల్లూరు అబ్బాయి, "అన్నా, అర శాతం ఏంటి పిసినారిలా, ఐదు వేసేద్దాం" అన్నాడు, సరే అని ఎపాక్సీలో (రెసిన్, హార్డెనర్ అనే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) అంతా వేశాం, మర్నాడు అచ్చులోంచి తీసిన ముక్క బిస్కెట్‌లా టప్పున విరిగింది. విరిగిన చోట చూస్తే ఆవగింజంత నల్ల ఉండలు, పక్కనే సూదిబెజ్జాల్లాంటి గాలి బుడగలు. అప్పట్నుంచి నాకు శాతం గురించి కన్నా ఉండల గురించే బెంగ ఎక్కువ.

వాడి లెక్క మరీ తప్పేం కాదు. ఒక్క పొర గ్రాఫీన్ బిగువు (సాగకుండా, వంగకుండా నిలిచే గుణం) దాదాపు 1000 గిగాపాస్కల్, ఉక్కుది 200, మామూలు ఎపాక్సీది 3 చుట్టుపక్కల. కాకపోతే మనం పొట్లంలో కొనేది నానోప్లేట్‌లెట్లు, అంటే బోలెడు పొరలు అతుక్కున్న రేకులు, అందుకని ఆ 1000 మన ముక్కలోకి దిగదు.

సామాను: రెసిన్, హార్డెనర్, అసిటోన్ ఇక్కడ చెన్నైలో పారిస్ కార్నర్ వైపు దొరుకుతాయి, మల్టీమీటర్‌కి రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. పని మాత్రం రూమ్‌లో వద్దు, కాలేజీ ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ (ఆవిర్లు బయటికి లాగేసే గూడు) కిందే చేయండి, ఆ పొడి తేలిగ్గా గాల్లోకి లేస్తుంది, మాస్కు, గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా పొట్లం విప్పొద్దు.

1. తూకం. 20 గ్రాముల రెసిన్‌కి 2 గ్రాముల హార్డెనర్ అనుకుందాం (మా డబ్బా మీద 10కి 1 అని ఉంది, మీ డబ్బా ఏం చెబితే అదే). మొత్తం 22 గ్రాములు, అందులో అర శాతం అంటే 0.11 గ్రాము. రెండు దశాంశాలు చూపించే తక్కెడ ఇక్కడ పనికిరాదు, 0.01 అటూ ఇటూ అయినా పది శాతం తప్పు. మూడు దశాంశాలది వాడండి. 0, 0.25, 0.5, 1, 2 శాతం, ఇలా ఐదు బ్యాచ్‌లు చాలు.

2. ఉండలు విడగొట్టడం. మొత్తం కథ ఇక్కడే ఉంది. రాగి పిండిని నేరుగా మరిగే నీళ్ళలో పోస్తే ఏమవుతుందో తెలుసుగా, ముందు చల్లనీళ్ళలో కలుపుకుని తర్వాత పోస్తాం, ఇదీ అంతే. గ్రాఫీన్‌ని ముందు అసిటోన్‌లో వేసి, బీకర్‌కి మూత పెట్టి, అల్ట్రాసోనిక్ బాత్‌లో (చెవికి వినపడని శబ్ద తరంగాలతో కుదిపే నీళ్ళ తొట్టి) అరగంట నుంచి గంట ఉంచండి. బాత్‌లో నీళ్ళే ఉండాలి, అసిటోన్ బీకర్‌లోనే, నీళ్ళు వేడెక్కితే ఐసు ముక్కలు వేయండి. తర్వాత రెసిన్ కలిపి ఇంకో అరగంట. ఒక చుక్క గాజు పలక మీద పల్చగా లాగి లైటుకి ఎత్తి పట్టుకోండి, కాటుక పూసినట్టు సమంగా ఉంటే సరే, నల్లపూసల్లా కనిపిస్తే మళ్ళీ బాత్‌లోకే.

3. అసిటోన్ పోగొట్టడం. అది 56 డిగ్రీల దగ్గర మరుగుతుంది కాబట్టి హుడ్ కింద హాట్‌ప్లేట్ మీద 60 దగ్గర కలుపుతూ ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు. పోయిందా లేదా అని వాసన చూసి చెప్పకండి, బీకర్ బరువు తగ్గడం ఆగిందా చూడండి. కొంచెం మిగిలినా ముక్క మెత్తగా వస్తుంది, నింద గ్రాఫీన్ మీద పడుతుంది. అందుకే గ్రాఫీన్ లేని బ్యాచ్‌ని కూడా ఇదే అసిటోన్, ఇదే బాత్ దాటించాలి, లేకపోతే పోలికే లేదు.

4. హార్డెనర్, అచ్చు. చల్లారాక హార్డెనర్ మెల్లగా కలిపి, వాక్యూమ్ పెట్టి బుడగలు లాగేసి పోయండి. 2 శాతం దగ్గరికి వచ్చేసరికి దోశ పిండి కాస్తా ఇడ్లీ పిండి అవుతుంది, బుడగ పైకి రాదు. చెన్నై ఎండకి హార్డెనర్ కూడా తొందరగా బిగుస్తుంది, ఉక్కపోతకి పైన జిడ్డు పొర కడుతుంది, ఏసీ గదిలో చేస్తే రెండూ తగ్గుతాయి.

5. చూడటం. పట్టీని రెండు ఆసరాల మీద పెట్టి నడుమ బరువు వేలాడదీసి ఎంత వంగిందో కొలవండి. కాలిపర్‌తో మందం ముందే రాసుకోండి, ఎందుకంటే పట్టీ వంగకుండా నిలవడం దాని మందం ఘనంతో పెరుగుతుంది, 3 మిల్లీమీటర్ల బదులు 3.3 వచ్చిందంటే గ్రాఫీన్ ఏమీ చేయకపోయినా 33 శాతం గట్టిపడ్డట్టే కనిపిస్తుంది. మా మొదటి "అద్భుతం" ఇదే, సార్‌కి చూపించేశాం కూడా.

వేడి సంగతిలో పెద్ద ఆశ పెట్టుకోవద్దు, రేకుకీ ఎపాక్సీకీ మధ్య ప్రతి హద్దు దగ్గరా వేడి తడబడుతుంది, 1 శాతంతో చేతికి తెలిసే తేడా రాదు. కరెంటు వేరే, రేకులు ఒకదాన్నొకటి తగిలేదాకా ఏమీ ఉండదు, తగిలాక ఒక్కసారిగా దారి దొరుకుతుంది. 2006లో పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌లో ఘనపరిమాణంలో 0.1 శాతానికే ఆ దారి చూపించారు, మన ప్లేట్‌లెట్లకి అంత తొందరగా రాదు. మీటర్ ఏమీ చూపించకపోతే ముక్క పారేయకండి, పైన ఎపాక్సీ పొర అడ్డుంటుంది, రెండు చివర్లా ఎమరీ పేపర్‌తో గీకి కరెంటు పోనిచ్చే వెండి పెయింట్ పూసి మళ్ళీ పెట్టండి. గ్రాఫీన్ ఆక్సైడ్ (ఆక్సిజన్ అతుక్కున్న గ్రాఫీన్) కొనుంటే మాత్రం ఎంత గీకినా రాదు, అది ఎపాక్సీకి బాగా అతుక్కుంటుంది గానీ కరెంటు పోనివ్వదు.