నెల్లూరులో కూర్చుని పాప్ పాట చేసేవారు తెలుసుకోవలసినవి

పాట రాసి, దాని రికార్డింగును కూడా స్వయంగా తీర్చిదిద్దాలనుకునేవారు ఒకప్పుడు నెల్లూరు స్టేషన్‌లో మద్రాసు రైలెక్కక తప్పేది కాదు. ఇప్పుడా పని మిద్దెమీది గదిలోనే సాగుతుంది.

ముందు బాణీని తననాలతో ఫోన్‌లో పాడి పెట్టుకుని, ఏ స్వరం సాగుతోందో, ఏది విరుగుతోందో గమనించిన తరువాతే మాటలు కూర్చాలి. సాగే స్వరం కింద హ్రస్వాక్షరం పడితే అర్థమే మారిపోతుంది: ‘పెన్నా నది’ అని రాసుకున్నది పాడేసరికి ‘పెన్నా నాది’ అవుతుంది. పాట వినడానికి బాగానే ఉంటుంది, నీటిపారుదల శాఖవారు ఒప్పుకోకపోవచ్చు.

గొంతును తెల్లవారుజామున రికార్డు చేయడం మేలు. మే నెల ఎండల్లో మధ్యాహ్నం ఫ్యాను ఆపి రెండో టేకు పాడగలిగినవారిని నేనింతవరకు చూడలేదు. మైకు వెనుకా, పాడేవారి వెనుకా బొంతలు వేలాడదీసి, నోటికీ మైకుకూ జానెడు దూరం ఉంచితే గది ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. 24 బిట్లలో (ధ్వని వివరాలు బాగా నిలిచే రికార్డింగు సెట్టింగు) రికార్డు చేసి, గొంతునూ ప్రతి వాద్యాన్నీ విడివిడి ఫైళ్లుగా దాచుకోవాలి.

అసలు చిక్కు హక్కుల దగ్గర వస్తుంది. సాహిత్యం, బాణీ, రికార్డింగు అనేవి చట్టం దృష్టిలో మూడు వేర్వేరు ఆస్తులు. రికార్డింగు చేయించడానికి పూనుకుని, బాధ్యత వహించినవారే దానికి నిర్మాత అవుతారు తప్ప, కంప్యూటర్ ముందు కూర్చుని బీటు కట్టినంత మాత్రాన ఎవరూ కారు. నా మొదటి పాటను ఒక సంస్థకు ఇచ్చినప్పుడు, గడువు అన్నచోట ‘శాశ్వతంగా’ అని ఉన్న సంగతి సంతకం చేసి ఇంటికి వచ్చాక గానీ చూసుకోలేదు. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే జరగాలి. ఒప్పందంలో గడువు రాయకపోతే అది 5 సంవత్సరాలకే పరిమితం, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తరువాత, కాపీరైటును అమ్ముకున్నా, రచయితకూ సంగీతకర్తకూ రావలసిన రాయల్టీ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప మరెవరికీ రాసివ్వడం చెల్లదు. ఆ రాయల్టీలను వసూలు చేసే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్‌ఫార్మింగ్ రైట్ సొసైటీ) 1969 నుంచి ఉంది. అందులో సభ్యత్వం తీసుకోవాలి.

పాట పూర్తయిన రోజునే, స్నేహితులన్న మొహమాటం పెట్టుకోకుండా, మాటలు ఎవరివో, బాణీ ఎవరిదో, ఎవరి వాటా ఎంతో ఒక కాగితం మీద రాసి, అందరిచేతా సంతకాలు చేయించి, దాని ఫొటోను ఆ పాట ఫైళ్లున్న ఫోల్డరులోనే భద్రపరచాలి.